ఆట చూడ్డానికి మనమెందుకు వెళ్ళం?

(రాజమండ్రిలో జరిగిన మహిళా కార్యకర్తల ప్రాంతీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రంలో నా పేరు ఎదురుగా 'క్రీడలు - స్త్రీల హక్కులు' అని అచ్చయింది. అది చూసి నాకే భయం వేసింది. నేను క్రీడాకారిణిని కాను. చిన్నప్పుడు నేను వాలీబాల్‌ని ముట్టుకున్నదల్లా అది కాలవలో పడ్డప్పుడే. కోనసీమలో మా వూళ్ళో కొబ్బరితోట పక్కన కోర్టు వుండేది. మాసూళ్ళయ్యాక సాయంత్రాలు మగపిల్లలు, పెళ్ళయిన మగవాళ్ళు కూడా లుంగీలు ఎగ్గట్టి ఆడేవాళ్ళు. మంచినీళ్ళ బిందె తేవటం, కాలవలో పడ్డ బంతి దిగి తేవటం ఆడపిల్లల పని. తడి బంతి చేతిలో వున్నప్పుడు ఒక్కసారి కొట్టి చూద్దామని వుండేది. "ఇలా తేవే" అని అరిచేవాళ్ళు. ఇచ్చేసేవాళ్ళం. అంతే నా క్రీడానుభవం.

అందుకని ఈరోజు నేను ప్రేక్షకురాలిగా మాత్రమే మాట్లాడతాను. రెండేళ్ళ క్రితం గోదావరి ఒడ్డునున్న ఒక కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ జట్టు వెంట ఆ పోటీల కాలమంతా తిరిగాను. ఆ అనుభవం చెప్తాను. కాలేజీ పేరు, పిల్లల పేర్లు చెప్పను. కేసుల గురించి మాట్లాడేటప్పుడు మనం పేర్లు మారుస్తాం కదా, ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు. వాళ్ళ వీపుల మీద నంబర్లున్నాయి.

ఇది మొదలయింది ఒక చట్టం వల్ల. గృహహింస చట్టం గురించి చెప్పమని ఆ కాలేజీ వాళ్ళు పిలిచారు. 2005 చట్టం, 2006 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది, రక్షణ అధికారి ఎవరు, నివాస హక్కు అంటే ఏమిటి - మీకందరికీ తెలిసిన ఉపన్యాసమే. రెండొందల మంది పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టారు. హాజరు వేస్తారు కాబట్టి వచ్చారు. మాట్లాడుతున్నంత సేపూ కిటికీలోంచి దబ్ దబ్ మని చప్పుడు. సభ అయ్యాక అటు వెళ్ళి చూస్తే పన్నెండు మంది ఆడపిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. ఒకమ్మాయి నేల మీద పడి బంతి తీసింది. లేచి, మోచేతికంటిన మట్టి దులుపుకుని, "ఇంకోటి" అని అరిచింది. నేను అరుగు మీద కూర్చున్నాను. చీకటి పడి బంతి కనపడటం మానేసేదాకా కూర్చున్నాను. బస్సు పోయింది.

ఎందుకలా కూర్చున్నానా అని తర్వాత ఆలోచించుకున్నాను. పాతికేళ్ళుగా నేను చూస్తున్న ఆడవాళ్ళ శరీరాలు దెబ్బలు తిన్నవి. కమిలిన భుజాలు, కాలిన చేతులు, ఎక్స్‌రే ఫిల్ములు. తన ఇష్టం కొద్దీ నేల మీద పడి, తన ఇష్టం కొద్దీ లేచే ఆడ శరీరాన్ని అంత దగ్గర్నుంచి నేను చూడలేదు. నా వృత్తి నా కళ్ళని అలా తయారు చేసింది. ఇది ఫిర్యాదు కాదు, నిజం చెప్తున్నాను.

ఆ మర్నాటి నుంచి వారానికి రెండు మూడు సార్లు వెళ్ళేదాన్ని. మొదట్లో వాళ్ళు నన్ను చూసి ఇన్‌స్పెక్షన్ అనుకున్నారు. తర్వాత 'మేడమ్' పోయి 'పిన్నిగారు' అయ్యాను.

మన వర్క్‌షాపుల్లో ఎప్పుడూ ప్రస్తావనకి రాని కొన్ని విషయాలు అక్కడ నేర్చుకున్నాను. ఉదాహరణకి నెట్టు ఎత్తు. మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24. ఆ కాలేజీలో ఒక్కటే కోర్టు. స్తంభాలకి కొక్కేలు మగపిల్లల ఎత్తులో తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఆడపిల్లలు తాడు వేసి నెట్టుని కిందికి లాగి కట్టుకునేవాళ్ళు. మధ్యలో జారి కొంచెం పైకి పోయేది. అయిదింటిదాకా కోర్టు మగపిల్లలది. అయిదు తర్వాత ఆడపిల్లలది. ఆరున్నరకి ఆఖరి బస్సు. శీతాకాలంలో అయిదున్నరకే చీకటి. అంటే రోజుకి అరగంట ఆట. సమానావకాశం మీద మనం పేజీలు పేజీలు రాస్తాం, అది ఎంతో ఆ రోజుల్లో నాకు నిమిషాల్లో లెక్క తెలిసింది. పి.డి. గారు మంచాయనే. వెళ్ళి అడిగితే పదిహేను రోజుల్లో కొక్కేలు మార్పించారు. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదండి" అన్నారు. అది నిజమే కావచ్చు.

ఇంకొకటి - లిబరో. ఇది 1998లో ఆటలోకి వచ్చిన స్థానం. ఆ అమ్మాయి వేరే రంగు జెర్సీ వేసుకుంటుంది. వెనక వరసలో వుండి, అవతలి వాళ్ళు కొట్టిన ప్రతి బంతినీ కింద పడకుండా లేపాలి. కానీ బ్లాకు చెయ్యకూడదు, నెట్టు పైనుంచి కొట్టకూడదు. ఎంత పని చేసినా పాయింటు ఆమె ఖాతాలో పడదు. ఈ నియమం చెప్పినప్పుడు నేను పెద్దగా నవ్వాను. "ఎందుకు పిన్నిగారూ?" అంది పదకొండో నంబరు. ఆమే లిబరో. అయిదడుగులు కూడా లేదు. "మా అమ్మ గుర్తొచ్చిందే" అన్నాను. ఆమెకి నచ్చలేదు. "లేపటమే నాకిష్టమండి. కొట్టడం ఎవరైనా కొడతారు" అంది. మన పోలికలు అన్నిసార్లూ అవతలి వాళ్ళకి నచ్చాలనేం లేదు.

ఇక పోటీల సంగతి. డెల్టాలో కాలేజీలన్నీ ఒకప్పుడు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద వుండేవి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక ఈ జిల్లాల కాలేజీలు దాని కిందికి వచ్చాయి. ఏడాదికోసారి అంతర కళాశాలల టోర్నమెంటు జరుగుతుంది. అందులో బాగా ఆడిన వాళ్ళని ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్‌కి వెళ్తుంది. దక్షిణాది విశ్వవిద్యాలయాలన్నీ అక్కడికి వస్తాయి. అందులో మొదటి నాలుగు స్థానాల్లో వుంటే ఆలిండియాకి. వినడానికి నిచ్చెన లాగా వుంటుంది. నిజానికి అది జల్లెడ. కాలేజీ జట్టు అంతర కళాశాలల పోటీలో గెలిచినా ఓడినా అక్కడితో దాని కథ అయిపోతుంది. ఆ పైకి వెళ్ళేది ఇద్దరో ముగ్గురో. మూడేళ్ళు కలిసి ఆడిన పిల్లలు ఆ సాయంత్రం విడిపోతారు. మిగతా వాళ్ళకి ఆట అయిపోయినట్టే. చాలామందికి జీవితాంతం అయిపోయినట్టే.

ఆ టోర్నమెంటు నది అవతల ఇంకో వూళ్ళో జరిగింది. నేను ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. మొదటి రోజు అలవాటు కొద్దీ చూసేవాళ్ళని లెక్కపెట్టాను. అరవై మూడు మంది. ఆడవాళ్ళు అయిదుగురు. ఆ అయిదుగురిలో ముగ్గురు ఆ కాలేజీ ఆయాలు, ఊడవడానికి వచ్చి నిలబడ్డవాళ్ళు. మిగతా ఇద్దరిలో ఒకరు లెక్చరరు, ఒకరు నేను.

మన జిల్లాల్లో ప్రేక్షకులకి కరువు లేదు. సంక్రాంతికి కోడి పందేలకి గ్యాలరీలు కడతారు, రాత్రిళ్ళు ఫ్లడ్ లైట్లు పెడతారు, పెద్ద తెరలు వేస్తారు. కోడి ఎగిరితే చూడ్డానికి హైదరాబాదు నుంచి కార్లలో దిగుతారు. ఆడపిల్ల ఎగిరితే చూడ్డానికి అరవై మూడు మంది.

ఆ అరవై మందిలో కొందరు ఆట చూడ్డానికి రాలేదని కాసేపటికే తెలిసింది. సర్వీసు గీత వెనక పదిమంది కుర్రాళ్ళు చేరి ఫోన్లు పైకెత్తారు. సర్వీసు చెయ్యడానికి వచ్చిన ప్రతి అమ్మాయి మీదా ఏదో ఒక మాట. అన్నం తినని వాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా కాదు, ఆ అమ్మాయికి వినపడేంత మాత్రం. పిల్లలు నిక్కర్ల కింద నల్లటి లెగ్గింగులు వేసుకునే వున్నారు, అయినా జెర్సీ కిందికి లాక్కుంటూనే వున్నారు. ఏడో నంబరు మా జట్టులో అందరికంటే పొడుగు, ఆమె షాటు కొడితే బంతి నేలకి అతుక్కుపోయేది. ఆమె వరసగా రెండు సర్వీసులు నెట్టుకి కొట్టింది. మొదటి సెట్టు పోయింది.

నేను లేచి వెళ్ళి కుర్రాళ్ళతో మాట్లాడదామనుకున్నాను. ఏం మాట్లాడాలో కూడా తయారు చేసుకున్నాను, మనకి అలవాటే కదా. నా కంటే ముందు ఆయాల్లో ఒకామె వెళ్ళింది. యాభై అయిదేళ్ళుంటాయి. ఏమీ అనలేదు. వాళ్ళకీ కోర్టుకీ మధ్య సర్వీసు గీత వెనక బాసింపట్టు వేసుకుని, చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిగతా ఇద్దరూ పక్కనే కూర్చున్నారు. ఇప్పుడు ఫోనులో ఎవరిని తీసినా మూడు చీపుర్లు పడతాయి. నేనూ వెళ్ళి కూర్చున్నాను. కుర్రాళ్ళు కాసేపు నవ్వారు, తర్వాత నీడలోకి పోయారు. మేం రెండో సెట్టు, మూడో సెట్టు గెలిచాం. 'మేం' అన్నాను చూశారా, అప్పటికే అలా అయిపోయాను.

ఆ సాయంత్రం మన సంఘంలో వాళ్ళకి ఫోను చేశాను. మర్నాడు నలుగురు వచ్చారు. ఆయాలు తమ కోడళ్ళని తెచ్చారు. ఏడో నంబరు నాయనమ్మ, ఆమె ఎప్పుడూ వాలీబాల్ చూడలేదు, మనవరాలు పంపిన ఆటోలో పంపు స్టవ్వు మీద వండిన పులిహోర కేరియరుతో దిగింది. ఫైనల్ నాటికి చూసేవాళ్ళు నూట నలభై దాకా వున్నారు, అందులో ఆడవాళ్ళం ముప్ఫై ఒక్కరం. ముప్ఫై ఒక్కరు ఎక్కువేం కాదు. కానీ ముప్ఫై ఒక్కరు ఒక పక్క కూర్చుని చప్పట్లు కొడితే ఆ మైదానంలో గాలి మారుతుంది. ఆ రోజు ఎవరూ జెర్సీ కిందికి లాక్కోలేదు. నేను చూశాను.

ఫైనల్ మేం ఓడిపోయాం. అయిదో సెట్టు 13-15. చివరి బంతి లిబరో లేపింది, రెండో నంబరు, అంటే సెట్టర్, మన వూళ్ళల్లో కొందరు లిఫ్టర్ అంటారు, అందంగా పైకి పెట్టింది, ఏడో నంబరు కొట్టింది, గీతకి బెత్తెడు బయట పడింది. నాయనమ్మకి నియమాలు తెలియవు. "అంత గట్టిగా కొట్టింది కదా, ఇవ్వచ్చు కదా నాయనా" అని రిఫరీని అడిగింది. ఆయన కూడా నవ్వాడు. పిల్లలు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏభై దాటిన దాన్ని, వాలీబాల్ కోసం ఏడవటం ఏమిటని సిగ్గేసింది కానీ ఆపుకోలేకపోయాను.

చూసేవాళ్ళ గురించి ఇంత చెప్తున్నానేమిటా అనుకోవద్దు. చూడటం చిన్న పని కాదు. మనం ఈ సమావేశం పెట్టుకున్న వూళ్ళోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్ళికి వెళ్ళిన వాళ్ళని వెలి వేస్తామని బెదిరించారు. వంటకీ నీళ్ళకీ మనుషులు రాకపోతే రాజ్యలక్ష్మమ్మ గారే ఆ పనులు చేశారు. ఆ రోజు పెళ్ళి చేసుకున్న వాళ్ళది ఎంత సాహసమో, వెళ్ళి పందిట్లో కూర్చున్న వాళ్ళదీ అంత సాహసం. దూరం వెళ్తే, ఇరాన్‌లో 2014 జూన్‌లో గోంచే గవామీ అనే యువతిని అరెస్టు చేశారు. ఆమె చేసిన నేరం టెహ్రాన్ ఆజాదీ స్టేడియం దగ్గర మగవాళ్ళ వాలీబాల్ మ్యాచి చూడ్డానికి ఆడవాళ్ళకి ప్రవేశం కావాలని నిలబడటం. నెలల తరబడి జైల్లో వుంచారు. ఎవరు చూడాలో, ఎవర్ని చూడాలో నిర్ణయించేది పితృస్వామ్యమే. మనకి ఇక్కడ ఏ చట్టమూ అడ్డు లేదు. అయినా మనం వెళ్ళం.

ఫైనల్ అయిన వారానికి విశ్వవిద్యాలయం జట్టు ప్రకటించారు. మా కాలేజీ నుంచి ముగ్గురు: రెండు, ఏడు, పదకొండు. శిక్షణ శిబిరం, తర్వాత తమిళనాడులో సౌత్ జోన్. తల్లిదండ్రుల అంగీకార పత్రం మీద సంతకం కావాలి. మిగతా ఇద్దరికీ మర్నాడే వచ్చింది. ఏడో నంబరుకి రాలేదు.

ఆ అమ్మాయి తండ్రి భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా వుంటాడు. తల్లి షెడ్డులో రొయ్యలు వొలుస్తుంది. సంబంధం కుదిరింది, మాఘమాసంలో ముహూర్తం. ఫైనల్ మ్యాచి ఫొటో పత్రిక జిల్లా పేజీలో పడింది. ఏడో నంబరు గాల్లో వుంది. మేమందరం ఆ పేజీ కత్తిరించి దాచుకున్నాం. పెళ్ళివారు కూడా చూశారు. "చెడ్డీతో ఎగురుతోంది" అన్నారట.

నేను వెళ్ళి మాట్లాడతానన్నాను. ఏడో నంబరు ఒక్క మాటంది, దాన్ని నేను ఈ రెండేళ్ళలో చాలాసార్లు తల్చుకున్నాను. "రండి పిన్నిగారూ. కానీ సంఘం మేడమ్‌లా రాకండి. మ్యాచి చూసిన మనిషిలా రండి."

చెరువు గట్టు మీద పాకలో కూర్చున్నాం. "ఆయ్, రండమ్మా, కూర్చోండి" అని స్టూలు తుడిచి వేశాడు. నేను చట్టాల గురించి మాట్లాడలేదు. ఆయనే అడిగాడు, కాసేపాగి, తల వంచుకుని: "ఎలాగ ఆడద్దండి మా పిల్ల?"

ఆయన ఎప్పుడూ చూడలేదు. మూడేళ్ళుగా ఆడుతోంది, ఆయనకి రాత్రి కాపలా, పగలు నిద్ర. నేను చెప్పటం మొదలు పెట్టాను. సెమీ ఫైనల్లో నాలుగో సెట్టు, 19-23 మీద వెనకబడి వున్నప్పుడు వరసగా ఎలా కొట్టిందో, రెండో నంబరు కళ్ళతో ఎలా సైగ చేస్తుందో, ఆమె ఎన్ని అడుగులు వెనక్కి వేసి పరిగెత్తుతుందో. చేతులతో చేసి చూపించాను. ఆయన మొహంలో ఏదో కదిలింది. తను కూడా కుర్రతనంలో సంక్రాంతి టోర్నమెంట్లు ఆడానని చెప్పాడు. అప్పట్లో సర్వీసు చేసిన వాళ్ళకే పాయింటు, ఒక్కో ఆట చీకటి పడేదాకా తెగేది కాదు. "ఇప్పుడు ఏ బంతికైనా పాయింటేనటండి కదా?" అన్నాడు. అవును, 1999 నుంచి అలా మార్చారు అన్నాను.

తర్వాత ఆయన అడిగిన దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. "ఢిల్లీలో ఆ కుస్తీ పిల్లలు రోడ్డు మీద పడుకున్నారు, టీవీలో చూశానండి. ఒలింపిక్సులో మెడలు తెచ్చిన పిల్లల్ని పోలీసోళ్ళు ఈడ్చుకుపోయారు. ఆళ్ళకే దిక్కు లేపోతే, రొయ్యల చెరువు కాపలావోడి కూతురికి ఎవరండీ దిక్కు?"

2023 మే 28 గురించి ఆయన చెప్తున్నాడు. సాక్షీ మాలిక్, వినేశ్ ఫోగట్ - వాళ్ళ పేర్లు ఆయనకి తెలియవు, ఆ దృశ్యం తెలుసు. అధికారంలో వున్న వాళ్ళ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఆ దృశ్యం దేశంలో ప్రతి ఆడపిల్ల తండ్రికీ చెప్పింది. ఆడపిల్లల్ని ఆడనివ్వని తండ్రులందరినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. ఈయన భయం పరువు గురించి కొంత, కానీ ఎక్కువ భాగం మన భయమే.

2013లో వచ్చిన పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వుందని చెప్పాను. "చట్టం అప్పుడూ వుంది కదండీ" అన్నాడు. వుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీకొకటి చెప్పాలి. ఆ చట్టాన్ని మనం ఆఫీసులకీ, ఫ్యాక్టరీలకీ, కాలేజీలకీ తీసుకెళ్ళాం. సెక్షన్ 2(ఓ)లో పని ప్రదేశం నిర్వచనం ఇంకోసారి చదవండి. క్రీడాసంస్థలు, స్టేడియంలు, పోటీలు జరిగే స్థలాలు, శిక్షణ ఇచ్చే చోట్లు కూడా అందులో వున్నాయి. నివాస శిబిరమైనా కాకపోయినా వర్తిస్తుంది. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి అయి వుండనక్కర్లేదు. పదేళ్ళు ఆ చట్టం మీద తరగతులు చెప్పిన నేను ఆ వాక్యాన్ని ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు. ఆ రోజు పాకలోంచి ఇంటికొచ్చాక చదివాను. మర్నాడు రెండో నంబరు తల్లితో కలిసి వెళ్ళి మూడు విషయాలు రాతపూర్వకంగా అడిగాం. జట్టుతో మహిళా మేనేజరు ఎవరు వెళ్తున్నారు, బస ఎక్కడ, ఫిర్యాదు వస్తే వినే కమిటీలో ఎవరున్నారు. మూడింటికీ జవాబు వచ్చింది. గొడవేమీ కాలేదు.

కానీ ఆ కాగితాలు చూసి తండ్రి సంతకం పెట్టాడనుకోకండి. నాయనమ్మ పెట్టించింది. "నేనెళ్తాను దాంతో" అంది. "తిరపతి తప్ప ఏ వూరూ ఎరగవు, నువ్వెక్కడికే?" అన్నాడు కొడుకు. "తిరపతి దాటి కొంచెం దూరం, అంతే కదా" అంది.

అలా నాయనమ్మా నేనూ సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టిక్కెట్లు కొనుక్కుని జట్టు వెనక బయల్దేరాం. ఆ ప్రయాణం గురించి చెప్తే ఇంకో ప్రసంగం అవుతుంది. రాత్రంతా ఆమె తన పెళ్ళి గురించి చెప్పింది. పదమూడేళ్ళకి చేశారట. అప్పట్లో తను చెరువులో ఈత కొడితే మగపిల్లలు కూడా అందుకోలేకపోయేవాళ్ళట. "ఎవరూ చూళ్ళేదనుకో" అంది.

సౌత్ జోన్‌లో మొదటి మ్యాచి తేలిగ్గా గెలిచాం. రెండోది కేరళ నుంచి వచ్చిన జట్టుతో. ఆ పిల్లలు వార్మప్ చేస్తుంటేనే మాకు విషయం అర్థమైంది. "వీళ్ళకేం పెట్టి పెంచుతారే?" అంది నాయనమ్మ. నవ్వులాటకి అన్నా అది అడగాల్సిన ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. అన్నపూర్ణ అని పేరు పడ్డ డెల్టా పిల్లలు పొద్దున్న టీ బిస్కెట్టుతో ప్రాక్టీసుకి వస్తారు. కేరళలో చాలాకాలంగా క్రీడా హాస్టళ్ళున్నాయి, ఆడపిల్లల వాలీబాల్ చూడ్డానికి జనం వస్తారు. అక్కడి కె.సి. ఏలమ్మకి 1975లోనే అర్జున అవార్డు వచ్చింది. అక్కడ ఆడే పిల్లకి ఎదురుగా పోల్చుకోవడానికి ఒక ఏలమ్మ వుంది. మన ఏడో నంబరుకి ఎవరున్నారు?

మూడు సెట్లు పోయాయి, ఒకటి గెలిచాం. గెలిచిన ఆ మూడో సెట్టులో మా ముగ్గురూ కోర్టులో వున్నారు. లిబరో లేపిన బంతుల్ని రెండో నంబరు ఏడుకి పెడుతుంటే, కాసేపు అది మా కాలేజీ కోర్టే అనిపించింది, కొక్కేలకి తాడు కట్టిన ఆ కోర్టే. ఏడో నంబరు ఆ ఒక్క సెట్టులో తొమ్మిది పాయింట్లు కొట్టింది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నాయనమ్మ ప్రతి పాయింటుకీ లేచి నిలబడింది. మ్యాచి అయ్యాక కేరళ కోచ్ ఒకావిడ వచ్చి ఏడో నంబరుతో ఇంగ్లీషులో ఏదో అంది. ఏమందే అంటే, "నీ వయసెంత, ఏ క్లబ్బుకి ఆడతావు అని అడిగారండి" అంది. ఏం చెప్పావంటే చెప్పలేదు.

రైలు దిగిన రోజు నుంచి ముహూర్తానికి సరిగ్గా ఇరవై మూడు రోజులు.

పెళ్ళి ఆగలేదు. నేను ఆపలేదు కూడా. ఆమెకి పంతొమ్మిది నిండాయి, ఆమె ఒప్పుకుంది, నన్ను ఆపమని అడగలేదు. చాలామంది నన్ను అడిగారు, మీరేం చేశారని. నేను పెళ్ళికి వెళ్ళాను. జట్టంతా వచ్చింది. డిగ్రీ పూర్తి చెయ్యనిస్తామని పెళ్ళివారు మాటిచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆట గురించి ఎవరూ మాటివ్వలేదు, ఎవరూ అడగలేదు. ఇందులో నా తప్పు ఎంతో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇది మన వెనకబాటుతనం అనుకోకండి. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వాలీబాల్ మొదటిసారి పెట్టారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి పెట్టిన మొదటి జట్టు ఆట అదే. జపాన్ జట్టు సోవియట్ జట్టుని ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జపాన్ ఆటగత్తెల్లో ఎక్కువమంది ఒక నూలు మిల్లులో పనిచేసే అమ్మాయిలు. పగలు పని, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా సాధన. వాళ్ళని లోకం 'తూర్పు దేశపు మంత్రగత్తెలు' అంది. అంత గెలిచాక కెప్టెన్ మసాఎ కసాయ్‌కి దేశం ఇచ్చిన బహుమతి ఏమిటంటే, సాక్షాత్తూ ప్రధానమంత్రి సాతో పూనుకుని ఆమెకి సంబంధం చూశాడు. పతకం తెచ్చినా పెళ్ళిచూపులు తప్పలేదు.

ఇంకోవైపు చూస్తే, 2023 ఆగస్టు 30న అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఆడపిల్లల వాలీబాల్ మ్యాచి చూడ్డానికి ఫుట్‌బాల్ స్టేడియంలో 92,003 మంది కూర్చున్నారు. అక్కడి వాళ్ళు మనకంటే మంచివాళ్ళని కాదు. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలు ఆడామగా తేడా చూపకూడదని 1972లో అక్కడ చట్టం వచ్చింది, ఆడవాళ్ళు దాన్ని పట్టుకుని కోర్టులకెక్కి యాభై ఏళ్ళు పోట్లాడారు. కోర్టు, కోచ్, బస్సు, సమయం - అన్నీ అడిగి తీసుకున్నారు. ఆ తర్వాతే ఆ జనం వచ్చారు.

మిగతా ఇద్దరి సంగతి చెప్పి ముగిస్తాను. రెండో నంబరు రైల్వే స్పోర్ట్స్ కోటాకి రెండుసార్లు ట్రయల్స్‌కి వెళ్ళొచ్చింది. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్టు ఆమె దగ్గర ప్లాస్టిక్ కవర్లో వుంది, ఆ సంతకమే లేకపోతే ఆ కాగితం వుండేది కాదు. పదకొండో నంబరు బి.పి.ఇడి. చదువుతోంది. ఆ కాలేజీకి ఆడ పి.డి.గా వస్తానంటోంది. పోస్టు ఖాళీ వుంటే కదా. ఏడో నంబరు రాజోలు దగ్గర వుంటోంది. చంటిపిల్ల. అప్పుడప్పుడు రాత్రి పూట ఫోను చేస్తుంది. ఇంట్లో వాళ్ళ గురించి ఏమీ చెప్పదు, ఈసారి జట్టులో ఎవరెవరున్నారు, సర్వీసులు పడుతున్నాయా, నెట్టు సరిగ్గా కడుతున్నారా అని అడుగుతుంది. కిందటి నెల, ఫైనల్ ఎక్కడ పెట్టారని అడిగింది. కోనసీమలోనే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఆటోకి గంట పడుతుందండి" అంది.

ఆ టోర్నమెంటు వచ్చే వారం మొదలవుతుంది. మూడు రోజులు. రాజమండ్రి నుంచి పొద్దున్న ఆరున్నరకి వ్యాను మాట్లాడాను, పద్నాలుగు మంది పడతారు, మనిషికి నూట యాభై. మధ్యలో రావులపాలెంలో టిఫిను. ఇప్పటికి నాయనమ్మతో కలిపి అయిదుగురమయ్యాం. రాజోలు నుంచి వచ్చేవాళ్ళు వస్తే సరాసరి గ్రౌండుకే వస్తారు. టీ విరామంలో నేను ఆ గుమ్మం దగ్గరే వుంటాను, వచ్చేవాళ్ళు పేర్లివ్వండి. గొడుగు తెచ్చుకోండి, అక్కడ నీడ లేదు.